పీర్ సాహెబు మిద్దె మీది పెట్టె

నారాయణస్వామిని ఎవరైనా పొగడడం మొదలుపెడితే ఇప్పుడు చెప్పుల కోసం వెతుక్కుంటాడు. నిలబడి వినలేడు. ఒకప్పుడు రెండు మంచి మాటలు చెవిన పడతాయని పుంగనూరు బస్టాండు దాకా నడిచి వెళ్లి టీ తాగివచ్చిన మనిషే ఈయన. మనిషి మారిపోయాడు, వినయం వచ్చింది అని ఊళ్లో అనుకుంటున్నారు. వినయం కాదు. సిగ్గు.

పుంగనూరులో ఆయన పేరు కేబుల్ స్వామి. ఇంటర్ తప్పిన ఏడాదే నిచ్చెన భుజాన వేసుకుని స్తంభాలు ఎక్కడం మొదలుపెట్టి, ఇరవై రెండేళ్లు ఊరందరికీ టీవీలో బొమ్మ చూపించాడు. కొన్నాళ్లకు కంట్రోల్ రూం ఆయన చేతికే వచ్చింది. కంట్రోల్ రూం అంటే పెద్దగా ఏమీ ఊహించుకోనక్కర్లేదు. బట్టల కొట్టు పైన ఒక రేకుల గది, ఝుమ్మనే పెట్టెలు, తిరగనా వద్దా అన్నట్టు తిరిగే ఒక ఫ్యాను. కానీ ఆ గది తాళంచెవి ఎవరి మొలతాడుకు వేలాడితే వాళ్లదే రాజ్యం. ఎవరైనా ఆయన్ను ఒక మాట అన్నారనుకోండి, ఆయన తిరిగి ఏమీ అనేవాడు కాదు. నవ్వి ఊరుకుని, పోతూ పోతూ స్తంభం దగ్గర ఆ ఇంటికి పోయే వైరు పిన్ను పీకేసేవాడు. సాయంత్రం సీరియల్ వేళకు ఆ ఇంటివాళ్లు పరుగెత్తుకుని వచ్చేవాళ్లు. "లైన్లో ఏదో ఫాల్టు ఉండాదప్పా, సూస్తాలే" అని ఒక గంట వాకిట్లో నిలబెట్టి, తర్వాత వెళ్లి పిన్ను పెట్టేవాడు. ఆ ఒక్క గంట ఆయనకు పాయసం తాగినట్టు ఉండేది. ఈ అలవాటు కేబుల్ పనిలో చాలామందికి ఉంది, ఆయనొక్కడే కనిపెట్టింది కాదు. అయినా చెడ్డ అలవాటు చెడ్డ అలవాటే.

తర్వాత ఏదో పెద్ద కంపెనీ వచ్చి లైన్లన్నీ తీసేసుకుంది. రేకుల గదికి వేరే తాళం పడింది. నలభై ఏళ్ల వయసులో నారాయణస్వామి ఇంట్లో కూర్చుని, "యాడో కూర్చున్నోడు ఒక మీట నొక్కితే నా బతుకు బంద్ అయిపాయె" అని భార్య వెంకటరత్నమ్మ దగ్గర రోజూ అదే పాట పాడేవాడు. ఆమె విని విని, బియ్యం ఏరుకుంటూ, "నువ్వూ అట్లే నొక్కినోడివే గదా" అంది ఒకసారి. ఆ మాట ఆయన విననట్టు నటించాడు.

అక్క కూతురు పల్లవి కుప్పంలో ఇంజినీరింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చినప్పుడు అగ్గిపెట్టెల కట్టంత ఉన్న తెల్ల పెట్టెలు రెండు తెచ్చి మామ ముందు పెట్టింది.

"మామా, ఇప్పుడు ఇంటర్నెట్టు కొళాయి నీళ్ల మాదిరి వస్తాండాది. పైనెవరో తిప్పితే వస్తుంది, కట్టేస్తే ఆగిపోతుంది. ఇది అట్లా కాదు. మన మిద్దె మీద పెట్టె పక్క మిద్దె పెట్టెతో మాట్లాడుతుంది, అది దాని పక్కదాంతో. ఒక ఇంటి పెట్టె ఆగిపోతే ఇంకో ఇంటి మీదుగా దారి వెతుక్కుంటుంది. దీనికి నడిమధ్య కూర్చునే వాడంటూ ఎవరూ ఉండరు."

"అంటే ఓనరు?"

"లేడు. అందరూ ఓనర్లే."

నారాయణస్వామికి ఒళ్లు పులకరించింది. తన గదికి తాళం వేసినవాళ్లకు ఇంతకు మించిన జవాబు ఏముంటుంది? ఆరు నెలల్లో పుంగనూరు నుంచి సోమల వైపు ముప్పై నాలుగు మిద్దెల మీద పెట్టెలు పెట్టాడు. పాత డిష్ కడ్డీలు, పాత నిచ్చెన, పాత మోకాలి నొప్పి, అన్నీ మళ్లీ పనికొచ్చాయి. గుట్టల వెనకాల సెల్ టవర్ సిగ్నల్ రాని పల్లెల్లో కూడా ఫోన్లు మోగాయి. అందరికంటే ఎక్కువగా మురిసిపోయింది టమోటా రైతులు. మదనపల్లె యార్డులో ఒక మండీలో గుమాస్తాగా ఉన్న శ్రీనివాసులు రోజూ సాయంత్రం ఆరింటికి ఆ రోజు ధర, మర్నాటి సంగతి చెప్పి గొంతు రికార్డు చేసి పంపేవాడు. అది మిద్దె నుంచి మిద్దెకు దూకి, ఏడు నిమిషాల్లో చివరి పల్లెకు చేరేది. ఆ మాట విని, మర్నాడు కాయ కోయాలో వద్దో నిర్ణయించుకునేవాళ్లు. ఎక్కడికి పోయినా నారాయణస్వామిది ఒకటే మాట: "మా దాంట్లో ఓనరు లేడప్పా."

ఒక్క సంగతి మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. ప్రతి ఇంటివాళ్లు తమ పెట్టెకు తామే రహస్య పాస్‌వర్డు పెట్టుకోవాలని పల్లవి చెప్పి వెళ్లింది. "వాళ్లకేం తెలుస్తాది, మర్సిపోతారు, నేనే పెడతాలే" అని ముప్పై నాలుగు పెట్టెలకూ ఒకే పాస్‌వర్డు, తనదే పెట్టాడు. చేతిలో ఫోను తీస్తే ఏ మిద్దెనైనా ఆర్పగలడు, వెలిగించగలడు. వాడాలని పెట్టుకున్నది కాదు, నిజమే. మొలతాడుకు తాళంచెవి లేకపోతే నడుము తేలికై ఏదోలా ఉంటుందని, అంతే.

సోమల పక్కన గుట్ట మీద పీర్ సాహెబు ఇల్లు. డెబ్బై ఏళ్లు దాటినా ఇప్పటికీ ఇత్తడి గిన్నెలకు కళాయి పూస్తాడు. ఆయన మిద్దె ఎత్తున ఉండడంతో, దాని వెనకున్న ఎగువపల్లెలోని పదకొండు ఇళ్లకు అదొక్కటే దారి. రెండో దారి ఒకటి వేయమని పల్లవి చెప్పింది. వేద్దాంలే అనుకుంటూ ఈయన వాయిదా వేశాడు. పీర్ సాహెబు కొడుకు జమీర్ సోమలలో మోటార్లకు వైండింగు చేస్తాడు. తీగ చేతబట్టిన వాడికి తీగ మనసు తెలుస్తుంది కదా. ఒక ఆదివారం పొద్దున సోమల పాలకేంద్రం వరండాలో పెట్టెలున్నవాళ్లంతా కూడినప్పుడు జమీర్ తాపీగా అడిగాడు.

"అన్నా, ఓనరు లేడంటావు. మరి మా పెట్టె పాస్‌వర్డు నాకు చెప్పవే? అది నీ ఫోన్లో యాల ఉండాది?"

నలుగురు నవ్వారు. చెడ్డ నవ్వు కూడా కాదు, ఊరికే నవ్వారు. నారాయణస్వామి కూడా నవ్వి, "ఇస్తాలేప్పా, దాందేముండాది" అన్నాడు. బస్సెక్కి ఇంటికి వచ్చే దాకా చెవులు మండుతూనే ఉన్నాయి. ఎండన పడి మిద్దెలెక్కింది తను. ఒక్క కడ్డీ పాతని కుర్రకుంక తనను పదిమందిలో నిలదీస్తాడా! మధ్యాహ్నం మూడు గంటలకు, అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక, ఫోను తీసి పీర్ సాహెబు మిద్దె మీది పెట్టెను ఆర్పేశాడు.

ఒక్క పూట. అంతే అనుకున్నాడు. సాయంత్రానికి జమీర్ పరుగెత్తుకుని వస్తాడు, వాకిట్లో నిలబడతాడు, "అన్నా, కొంచెం సూడన్నా" అంటాడు. తను ఒక గంట ఆగి వెలిగిస్తాడు. ఆ పెట్టె వెనకాల పదకొండు ఇళ్లున్నాయని తెలియకనా? తెలుసు. ఆ తెలిసినదాన్ని కోపం పక్కకు తోసేసింది.

సాయంత్రం ఎవరూ రాలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ రాలేదు. రాకపోయేకొద్దీ పంతం పెరిగింది. బుధవారం పొద్దున పది గంటలకు వాకిట్లో దగ్గు వినిపించింది. వచ్చింది జమీర్ కాదు, పీర్ సాహెబు. ముసలాయన ఆ పెట్టెను విప్పించి, ఉతికిన తువాలులో పసిబిడ్డలా చుట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చాడు.

"సామీ, ఇది సూడు నాయనా. ఏం తప్పు చేసినానో తెల్దు, దీపం ఆరిపొయ్యింది. నావల్ల ఒక ఆడమనిషి కొంప మునిగిపాయె."

"ఎవురన్నా?" అన్నాడు నారాయణస్వామి.

పీర్ సాహెబు చెప్పాడు. ఎగువపల్లెలో మునీశ్వరి అని ఒకామె ఉంది. మొగుడు పోయాక నేల గుత్తకు తీసుకుని టమోటా పెట్టింది. ఆదివారం సాయంత్రం శ్రీనివాసులు పంపిన మాట ఏమంటే, హమాలీలు పని ఆపేశారు, మూడు రోజులు యార్డు ఉండదు, ఎవరూ కాయ కోయొద్దు అని. మిగతా ఇరవై రెండు మిద్దెలకూ ఆ మాట చేరింది. ఎగువపల్లెకు చేరలేదు. ఆ పూట మాట రాకపోయినా, ధర నిన్నటిదే ఉంటుందిలే అనుకుంది మునీశ్వరి. తెల్లవారుతూనే కూలీలను పెట్టి కోయించి, నూట ఇరవై క్రేట్లు టెంపోకు వేసుకుని మదనపల్లె వెళ్లింది. యార్డు గేటుకు తాళం. ఇవాళ తీస్తారు, రేపు తీస్తారు అని ఎండలో రెండు రోజులు బండి పక్కనే కూర్చుంది. కాయ పగిలి, రసం క్రేట్ల సందుల్లోంచి కారి, ఈగలు ముసిరాక, బైపాస్ పక్కన ఆమె చేతులతో ఆమే కుమ్మరించి వచ్చింది.

"ఊరికొచ్చి మా ఇంటి ముందర నిలబడి అడిగింది సామీ. నీ మిద్దె మీద పెట్టె ఉండాది గదా సాయిబన్నా, దాన్ని సూసుకునే దానికి నీకు కండ్లు లేవా అని. ఊరంతా నిలబడి వినింది. ఏం చెప్పేది? ఆయమ్మ అడిగిందాంట్లో తప్పు లేదు. నేనే సరిగ్గా సూసుకోలేదు."

ఆ క్షణాన చెప్పి ఉండాల్సింది. 'అన్నా, ఆర్పింది నేను' అని మూడే మాటలు. నారాయణస్వామి నోరు తెరిచాడు కూడా. బయటికి వచ్చింది మాత్రం వేరు. ఇరవై రెండేళ్లు వాకిట్లో నిలబడ్డవాళ్లకు చెప్పీ చెప్పీ నాలుక్కి అలవాటైపోయిన అబద్ధమే వచ్చింది.

"లోపల చెమ్మ చేరిందన్నా. సూస్తాలే."

స్క్రూడ్రైవరు తెచ్చి పెట్టె విప్పాడు. బాగున్న పెట్టె లోపల ఉఫ్ ఉఫ్‌మని ఊదాడు. వైరు తగిలించి, గోడవైపు తిరిగి ఫోన్లో మీట నొక్కాడు. పచ్చ దీపం వెలిగింది. ముసలాయన రెండు చేతులూ పైకెత్తి దేవుడికి దండం పెట్టుకున్నాడు. తర్వాత నారాయణస్వామికీ పెట్టాడు. అప్పుడు ఈయనకు తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

పోతూ పోతూ పీర్ సాహెబు వంటింటి గడప దగ్గర బోర్లించిన చారు గిన్నె చూశాడు. కళాయి పోయి లోపల ఎర్రబడి ఉంది. "అమ్మా, దీంట్లో చారు కాస్తే కిలుమెక్కుతాది, ఇట్లియ్యి" అని వెంకటరత్నమ్మ దగ్గర అడిగి మరీ తీసుకెళ్లాడు. వారంలో మళ్లీ రెండు బస్సులు మారి తెచ్చిచ్చాడు. లోపల మొహం కనిపించేట్టు కళాయి పూశాడు. డబ్బు అంటే చెవులు మూసుకున్నాడు. "ఆయప్ప పెట్టె బాగుచేసినాడు, నేను గిన్నె బాగుచేసినా" అన్నాడు.

ఆ రోజు నుంచి నారాయణస్వామి ఇంట్లో చారు ఆ గిన్నెలోనే కాగింది. ఆయన చారు పోసుకోవడం మానేశాడు. మజ్జిగతో కానిచ్చి లేస్తుంటే, "చింతపండు ఎక్కువైందా?" అని వెంకటరత్నమ్మ అడిగేది. ఎక్కువైంది చింతపండు కాదని ఆమెకు ఎలా చెప్పాలి? సోమల వైపు పని పడితే ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాడు. ఒకసారి బస్సులో మునీశ్వరి ఎదురు సీట్లో కూర్చుంటే, ఊరు రాకముందే దిగి మూడు కిలోమీటర్లు నడిచాడు. పరాయివాళ్ల కంటపడితే వచ్చే సిగ్గు ఒక రకం. ఎవరికీ తెలియకపోయినా స్నానం చేసేటప్పుడు, గడ్డం గీసుకునేటప్పుడు వచ్చే సిగ్గు ఇంకో రకం. అది అద్దంలో కూడా వదలదు.

నాలుగు నెలలు గడిచాయి. కుప్పంలో పల్లవి చదివే చోట ఒక సభ పెట్టి, మామను పిలిపించింది. ఎవరి అజమాయిషీ లేని ఇంటర్నెట్టు గురించి పల్లెటూరి మనిషి మాట్లాడతాడని పిల్లలంతా వచ్చారు. నారాయణస్వామి ఇస్త్రీ చొక్కా వేసుకుని, మైకు పట్టుకుని, పాత పాటే పాడాడు. మా దాంట్లో ఓనరు లేడప్పా. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలోంచి శ్వేత అనే అమ్మాయి లేచింది.

"అంకుల్, మనుషులన్నాక కోపాలు వస్తాయి కదా. కోపమొచ్చి ఎవరో ఒకరిని తీసేయాలనుకుంటే?"

హాలంతా ఆయన వైపే చూసింది. పల్లవి మొహం గర్వంతో వెలిగిపోతోంది.

"కుదరదమ్మా" అన్నాడు నారాయణస్వామి. "ఆ పెట్టెల్లో అట్లాంటి ఏర్పాటే లేదు."

ఇంకోసారి చప్పట్లు. శాలువా కప్పారు. ఎండాకాలం కాదు, అయినా వీపు మీద ఆ శాలువా కింద చెమటలు పోశాయి. బస్టాండులో పలమనేరు బస్సు కోసం కూర్చున్నప్పుడు మేనకోడలికి అంతా చెప్పేశాడు. తలెత్తకుండా, శాలువా అంచు దారాలు పీకుతూ చెప్పాడు. పల్లవి మొహంలో వెలుగు తగ్గిపోవడం ఆయన చూడలేదు గానీ, ఆయనకు తెలిసింది.

"ఇంకెవరికి చెప్పినావు మామా?"

"ఎవురికీ లేదు. నీకే."

"నాకు చెప్పి ఏం లాభం? నేనేమన్నా టమోటా పారబోసుకున్నానా? నన్నేమన్నా ఊరి ముందర నిలబెట్టి అడిగినారా?"

బస్సు వచ్చింది. ఆమె ఎప్పటిలా జాగ్రత్త అనలేదు.

ఆ వచ్చే ఆదివారం సోమల పాలకేంద్రం వరండాలో అందరూ కూడారు. పీర్ సాహెబు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఎగువపల్లె వాళ్లతో మునీశ్వరి వచ్చింది. ఆ ఏడు మళ్లీ నేల గుత్తకు తీసుకోలేక ఇతరుల తోటల్లో కూలికి పోతోంది. నారాయణస్వామి లేచి నిలబడ్డాడు. మైకు లేకుండా ఆయన గొంతు ఎంత చిన్నదో ఆ రోజే తెలిసింది.

"ఆ పొద్దు సాయిబన్న మిద్దె మీద పెట్టె చెడిపోలేదు. నేనే ఆర్పినా. జమీర్ అడిగిన మాటకు కోపమొచ్చి ఆర్పినా. ముప్పై నాలుగు పెట్టెల పాస్‌వర్డూ నా దగ్గరే ఉండాది. ఓనరు లేడని మీకు చెప్తూ ఓనరు మాదిరి చేసినా."

తిడతారనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. మునీశ్వరి ఆయన వైపు చూడనే లేదు. మెల్లగా పీర్ సాహెబు వైపు తిరిగింది.

"సాయిబన్నా, ఆ పొద్దు నిన్ను నేను అంతేసి మాటలంటి గదన్నా. కండ్లు లేవా అంటి" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నారాయణస్వామి తన సిగ్గును అక్కడ దించుకోవడానికి వచ్చాడు. అది దిగలేదు. ఏ పాపమూ తెలియని ఆడమనిషి నెత్తిన కూడా కొంత పడింది.

"నీదేముంది తల్లీ, ఊరుకో" అన్నాడు పీర్ సాహెబు. తర్వాత ఏదో లెక్క తేలనట్టు నేల చూసి, నారాయణస్వామిని అడిగాడు.

"అయితే సామీ, ఆ పెట్టెలో చెమ్మ లేదా?"

"లేదన్నా."

"ఏం లేదా?"

"లేదన్నా. అబద్ధం చెప్పినా."

"నేను రోజూ ఎక్కుతాండానే" అన్నాడు ముసలాయన. నిందించలేదు, ఆశ్చర్యపోయాడంతే. "పొద్దు గుంకితే ఎక్కి గోనెపట్ట కప్పుతాండా. తెల్లారితే ఎక్కి తీసి ఎండకు పెడతాండా. మళ్లా చెమ్మ చేరితే ఆ పదకొండు ఇండ్లకు మాట పోదేమోనని. నాలుగు నెల్లాయె."

జమీర్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. వద్దు నాయనా, నీ మోకాళ్లకు నిచ్చెన ఎక్కడం మంచిది కాదని ఆ నాలుగు నెలలూ తండ్రితో పోట్లాడింది వాడే.

నారాయణస్వామికి మూడు రోజులు పెట్టె ఆర్పడం పెద్ద తప్పుగా, ఆ తర్వాత చెప్పిన అబద్ధం చిన్నదిగా ఇన్నాళ్లూ తోచేది. ఆ చిన్న అబద్ధాన్ని నమ్మి ఒక ముసలి ప్రాణం రెండు వందల సార్లకు పైగా నిచ్చెన ఎక్కి దిగింది.

మర్నాటి నుంచి ఇంటింటికీ వెళ్లి పాస్‌వర్డులు మార్పించాడు. ఎలా మార్చాలో చెప్పి, వాళ్లు కొత్త పాస్‌వర్డు నొక్కేటప్పుడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చదువు రాని ఇళ్లలో పక్కింటివాళ్లు వచ్చి నొక్కారు. ఎగువపల్లెకు రెండో దారి కూడా వేశాడు. మునీశ్వరి ఇంటికి పోతే ఆమె బయటికి రాలేదు. లోపల్నుంచే "మార్చుకున్నాం, పోవచ్చు" అంది. ఆ మాటలో అన్నా అన్న పిలుపు లేదు. ఇక ముందు కూడా ఉంటుందని ఆయన అనుకోవడం లేదు.

చివరికి మిగిలింది పీర్ సాహెబు ఇల్లు. జమీర్ కొత్త పాస్‌వర్డు పెట్టుకున్నాక, మిద్దె మీద గోనెపట్ట ఇంకా అలాగే ఉందని నారాయణస్వామి చూశాడు. దాన్ని తానే తీస్తానన్నాడు. వెదురు నిచ్చెన గోడకు ఆనించి ఉంది. కాలు పైన పెట్టబోతుంటే ముసలాయన అరుగు మీంచి లేచి వచ్చి, రెండు చేతులతో నిచ్చెన గట్టిగా పట్టుకున్నాడు.

"నిదానం సామీ" అన్నాడు. "మూడో మెట్టు వదులుగా ఉండాది. దాని మీద బరువు పెట్టొద్దు."